సూపర్ మారియోతో మొదటి టాస్: 21 ఫ్రేముల లెక్క

టూల్ అసిస్టెడ్ స్పీడ్‌రన్, పొట్టిగా టాస్: సాఫ్ట్‌వేర్ సాయంతో గేమ్‌ను వీలైనంత త్వరగా ముగించడం. పేరు విని ఆటను నెమ్మదిగా నడిపించి ఆడటమేనని చాలామంది అనుకుంటారు. నెమ్మదిగా ఆడటం అందులో చిన్న ముక్క. మిగతాదంతా గేమ్ లోపల ఏ లెక్క నడుస్తోందో చూసి, ఆ లెక్కకు తగ్గట్టు ఏ ఫ్రేమ్‌లో (తెర మీద మారే ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్) ఏ బటన్ పడాలో రాసిపెట్టడం. చివరికి చేతికొచ్చేది వీడియో కాదు, బటన్ల జాబితా. ఆ జాబితాను ఎమ్యులేటర్‌కు (గేమ్ కన్సోల్‌ను కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రామ్) ఇస్తే ఆటను మొదటి నుంచి అచ్చం అలాగే ఆడి చూపిస్తుంది.

నేర్చుకోవడానికి సూపర్ మారియో బ్రదర్స్ (1985, నింటెండో వారి ఎన్‌ఈఎస్ కన్సోల్) మంచిది. గేమ్ చిన్నది, దాని కోడ్‌ను జనం విప్పి చూసేశారు, మెమరీలో ఏ చిరునామాలో ఏముందో అందరికీ తెలుసు. పైగా ఇందులో ఒక విచిత్రమైన నియమం ఉంది. అది తెలియకుండా దిగితే మొదటి వారం శ్రమంతా వృథా. దాని సంగతి కాసేపట్లో.

ముందు సరంజామా

ఎమ్యులేటర్‌గా బిజ్‌హాక్ తీసుకోండి. ఎఫ్‌సీఈయూఎక్స్ కూడా బాగుంటుంది, దానిలోనూ టాస్ ఎడిటర్ ఉంది. ఇక్కడ చెప్పేదంతా బిజ్‌హాక్ ప్రకారం. అందులో ఎన్‌ఈఎస్‌కు ఒకటికి మించి కోర్లు (కన్సోల్‌ను అనుకరించే ఇంజన్లు) ఉంటాయి. కాన్ఫిగ్ మెనూలో ప్రిఫర్డ్ కోర్స్‌కు వెళ్లి నెస్‌హాక్ ఎంచుకోండి. రెండోదైన క్విక్‌నెస్ వేగంగా నడుస్తుంది గానీ, ఖచ్చితత్వంలో నెస్‌హాక్‌దే పైచేయి. పని మధ్యలో కోర్ మార్చారంటే అప్పటిదాకా చేసినది పట్టాలు తప్పుతుంది. అందుకే ఈ నిర్ణయం మొదటి రోజే జరగాలి.

రోమ్ ఫైల్ (గేమ్ క్యాసెట్ కాపీ) మీ సొంత క్యాసెట్ నుంచి తీసుకున్నదై ఉండాలి. అసలు మారియో రోమ్‌లో 32 కిలోబైట్ల ప్రోగ్రామ్, 8 కిలోబైట్ల బొమ్మలు, ముందు 16 బైట్ల హెడర్ ఉంటాయి. మొత్తం 40,976 బైట్లు. ఇంకే సంఖ్య కనిపించినా అనుమానించాల్సిందే. 90ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడుకున్న '9999 ఇన్ 1' తరహా క్యాసెట్లలోని మారియో పనికిరాదు. వాటిలో చాలావరకు ఒకే గేమ్‌ను అటూఇటూ మార్చి వేర్వేరు పేర్లతో పెట్టేవారు. యూరప్ కోసం చేసిన పాల్ వెర్షన్ కూడా వద్దు. అది సెకనుకు 50 ఫ్రేములతో నడుస్తుంది కాబట్టి లెక్కలన్నీ వేరు. మనకు కావలసిన ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ టీవీ పద్ధతి) ఎన్‌ఈఎస్‌లో సెకనుకు 60.0988 ఫ్రేములు. గుండుగుత్తగా 60 అనుకుంటే ఐదు నిమిషాల పరుగులో దాదాపు అర సెకను తేడా వస్తుంది.

గేమ్ తెరిచాక టూల్స్ మెనూలో టాస్టూడియో నొక్కండి. పొడవాటి పట్టిక వస్తుంది. ఒక్కో అడ్డు వరుస ఒక్కో ఫ్రేమ్, ఒక్కో నిలువు వరుస ఒక్కో బటన్. దీన్నే పియానో రోల్ అంటారు. గడిలో మౌస్‌తో నొక్కితే ఆ ఫ్రేమ్‌లో ఆ బటన్ నొక్కినట్టు. నొక్కి పట్టి కిందికి లాగితే అన్ని ఫ్రేముల్లోనూ పడుతుంది. ఆకుపచ్చగా కనిపించేవి గ్రీన్‌జోన్, అంటే ఎమ్యులేటర్ ఇప్పటికే ఆడి స్థితిని దాచిపెట్టుకున్న ఫ్రేములు. వాటిలో ఎక్కడికైనా క్షణంలో వెనక్కి దూకవచ్చు. గ్రీన్‌జోన్‌లో ఎక్కడో ఒక గడి మార్చగానే దాని కింది ఆకుపచ్చ మాయమవుతుంది. గతం మారింది కాబట్టి భవిష్యత్తును మళ్లీ ఆడించాలి, అంతే. ఎర్రటి వరుసలు ల్యాగ్ ఫ్రేములు. వాటిలో గేమ్ కంట్రోలర్ వైపు చూడనే చూడదు, కనుక అక్కడ ఏం నొక్కినా బూడిదలో పోసిన పన్నీరే.

మూవీ, అంటే ఆ బటన్ల జాబితా ఫైలు, ఎప్పుడూ పవర్ ఆన్ నుంచి మొదలవ్వాలి. ఎక్కడో ఆపి దాచిన సేవ్‌స్టేట్ నుంచి మొదలైన మూవీని ఇంకొకరు తమ కంప్యూటర్లో నడిపి సరిచూసుకోవడం కష్టం. టాస్‌లు ప్రచురించే టాస్‌వీడియోస్ సైటు లాంటి చోట్లా దాన్ని మామూలుగా తీసుకోరు.

తెరను నమ్మకండి, మెమరీని చూడండి

మొదటిసారి చేసేవాళ్లంతా బొమ్మను చూస్తూ బటన్లు పెడతారు. తెరపై మారియో బొమ్మ మెమరీలోని మారియో కంటే ఒక ఫ్రేమ్ వెనకబడి ఉంటుంది. ఆ బొమ్మలో పిక్సెల్ కంటే చిన్న తేడాలు కనిపించవు కూడా. టూల్స్‌లో ర్యామ్ వాచ్ తెరిచి ఈ చిరునామాలు చేర్చుకోండి. అన్నీ హెక్స్‌లో (16 అంకెల సంఖ్యా పద్ధతి), అన్నీ ఒక బైటువి.

0086లో మారియో అడ్డంగా ఉన్న చోటు. 256 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, ఎన్నో పేజీలో ఉన్నాడో 006డి చెబుతుంది. 0400లో సబ్‌పిక్సెల్ ఉంటుంది, ఒక్కో పిక్సెల్‌ను 16 భాగాలుగా కోసినట్టు. 0057 వేగం. దీన్ని మాత్రం సైన్డ్‌గా చూపించమని పెట్టండి, ఎడమకు వెళ్తుంటే మైనస్‌లో కనిపిస్తుంది. నడకలో గరిష్ఠం 24, పరుగులో 40. 0705లో వేగానికి మిగిలిన చిల్లర. 001డి సున్నా అయితే మారియో నేల మీద, 1 అయితే దూకుతున్నాడు, 2 అయితే అంచు నుంచి పడుతున్నాడు. 03ఎడిలో తెర ఎడమ అంచు నుంచి అతనున్న దూరం. ఇది 4-2లో (నాలుగో లోకంలో రెండో లెవెల్) అక్కరకొస్తుంది. చివరగా 077ఎఫ్. ఈ ఒక్కదాన్నీ అన్నిటికంటే పైన పెట్టుకోండి.

వేగం 40 అంటే ఫ్రేమ్‌కు 40 సబ్‌పిక్సెళ్లు, అంటే రెండున్నర పిక్సెళ్లు. ఆ సగం వల్లే ఒక ఫ్రేమ్‌లో 2, తర్వాతి ఫ్రేమ్‌లో 3 పిక్సెళ్లు కదులుతాడు. ఒకే చోట ఒకేలా నిలబడ్డ ఇద్దరు మారియోల్లో ఒకడు గొట్టం అంచు అందుకుని, ఇంకొకడు తగిలి ఆగిపోవడానికి తరచూ కారణం ఈ చిల్లరే.

ఇంకో గేమ్ చేస్తుంటే, చిరునామాలు ఎవరూ రాసిపెట్టి ఉండకపోతే, ర్యామ్ సెర్చ్‌తో వెతకాలి. పాత్రను కదలకుండా నిలబెట్టి కొన్ని ఫ్రేములు గడిపి 'మారనివి' ఉంచండి. కుడికి నడిపి 'పెరిగినవి' ఉంచండి. ఎడమకు నడిపి 'తగ్గినవి' ఉంచండి. నాలుగైదు చుట్లు తిప్పితే రెండు వేల చిరునామాల్లోంచి చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగులుతాయి.

అసలు విషయం: బస్సు

077ఎఫ్‌లో ఒక లెక్క 20 నుంచి సున్నాకు దిగి, మళ్లీ 20కి ఎక్కుతుంది. అంటే 21 ఫ్రేములకో చుట్టు. మారియోలో కొన్ని టైమర్లు ప్రతి ఫ్రేమ్‌లోనూ తగ్గుతాయి. కొన్ని మాత్రం ఈ చుట్టు పూర్తయినప్పుడే ఒక మెట్టు దిగుతాయి. లెవెల్ పూర్తయ్యాక తర్వాతి దానికి తీసుకెళ్లే టైమర్ ఆ రెండో రకం. దీనికి ఫ్రేమ్‌రూల్ అని పేరు. 21 ఫ్రేములకోసారి బస్సు బయల్దేరుతుందని రన్నర్లు చెబుతుంటారు. స్టాండుకు ఒక ఫ్రేమ్ ముందొచ్చినా, 20 ఫ్రేములు ముందొచ్చినా ఎక్కేది అదే బస్సు.

దీనివల్ల పని చేసే పద్ధతే మారిపోతుంది. 1-1లో ఒక చోట 3 ఫ్రేములు, ఇంకో చోట 5 ఫ్రేములు మిగిల్చి సంతోషపడే ముందు, మీ లెవెల్ బస్సుకు ఎన్ని ఫ్రేముల ముందు వచ్చిందో చూడండి. ముందటి బస్సు అందుకోవడానికి 12 ఫ్రేములు తక్కువై, ఆ లెవెల్‌లో ఎంత పిండినా 8 ఫ్రేములకు మించి రాదనిపిస్తే ఆ పని వదిలేయండి. నిజంగానే వదిలేయండి. ఆ మిగులును ఇంకోలా ఖర్చు పెట్టవచ్చు: ప్రమాదం తక్కువున్న దారి, చూడటానికి బాగుండే గెంతు, శత్రువు మీద సరదా తొక్కుడు. టాస్‌లలో మారియో కొన్నిచోట్ల ఆటలాడుతూ కనిపించేది ఇందుకే, ఆ ఫ్రేములకు ఖరీదు లేదు.

ఒక బస్సు విలువ 21 భాగించు 60.0988, అంటే సుమారు 0.35 సెకను. చివరి లెవెల్ 8-4కు మాత్రం ఈ నియమం లేదు. చివర్లో ఉండే గొడ్డలి తాకగానే ఆట ముగుస్తుంది, అక్కడ ప్రతి ఫ్రేమూ లెక్కే. ఓపికలో పెద్ద వాటా దానికి దాచుకోండి.

1-1 చేయడం

పవర్ ఆన్ తర్వాత టైటిల్ తెర మీద స్టార్ట్ పనిచేసే మొట్టమొదటి ఫ్రేమ్ పట్టుకోండి. ఒక్కో ఫ్రేమ్ ముందుకు జరుపుతూ (మామూలుగా ఎఫ్ కీ) ఏ ఫ్రేమ్‌లో నొక్కితే తెర మారుతుందో చూడాలి. తర్వాత మారియో చేతికి దొరికే మొదటి ఫ్రేమ్ దగ్గర ఒక మార్కర్ పెట్టండి. ప్రతి లెవెల్ మొదట్లో, ప్రతి పెద్ద గెంతు దగ్గర మార్కర్ ఉండాలి. వేల వరుసల పట్టికలో పేరు లేకుండా వెతకడం నరకం.

కుడి బటన్, బి బటన్ (పరుగు) ఆ ఫ్రేమ్ నుంచి కిందికి లాగేయండి. 0057 విలువ 40కి చేరేవరకు ఎగరవద్దు. నడక వేగంలో ఉండగా నేల వదిలితే గాలిలో ఎంతసేపు బి పట్టుకున్నా పరుగు వేగం రాదు. గెంతు ఎత్తు కూడా నేల వదిలే క్షణంలో ఉన్న వేగాన్ని బట్టే. పరుగు అందుకున్నాక బి వదిలినా 10 ఫ్రేముల దాకా వేగం తగ్గదు. ఫైర్ మారియోతో చేసేటప్పుడు నిప్పులు వేయడానికి ఈ వెసులుబాటు వాడతారు.

గెంతడానికి నొక్కే 'ఎ' (A) బటన్‌కు ఒక మెలిక ఉంది. గేమ్ చూసేది 'కొత్తగా నొక్కారా' అని. పట్టుకునే ఉంటే రెండో గెంతు పడదు, మధ్యలో కనీసం ఒక్క ఫ్రేమ్ ఖాళీ వదలాలి. నేల తాకిన మొదటి ఫ్రేమ్‌లోనే ఎగరాలంటే దానికి ముందు ఫ్రేమ్‌లో 'ఎ' గడి ఖాళీగా ఉండాలి. ఎంతసేపు పట్టుకుంటే అంత ఎత్తు, కాబట్టి ప్రతి అడ్డంకికీ ఎంత తక్కువ పట్టుకుంటే దాటుతాడో చూడండి. ఒక్కో ఫ్రేమ్ తీసేస్తూ, తగిలే దాకా వెళ్లి, ఒకటి వెనక్కి రండి.

వేగం 40 నుంచి ఎక్కడ పడిందో కనిపెట్టడమే మొదటి లెవెల్‌లో మీ పని. గొట్టానికో, మెట్టుకో పక్కనుంచి తగిలితే 0057 సున్నాకు జారుతుంది. మళ్లీ పరుగు అందుకోవడానికి పదుల ఫ్రేములు పోతాయి. పైదారి మంచిదా, గొట్టంలోంచి కింది గది దారి మంచిదా అనేది వాదించి తేల్చే విషయం కాదు. రెండూ వేర్వేరు బ్రాంచ్‌లుగా చేసి, తర్వాతి లెవెల్ ఏ ఫ్రేమ్‌లో మొదలైందో పోల్చండి. టాస్టూడియోలో బ్రాంచ్ దాచడానికి ఒక్క నొక్కు చాలు, మొత్తం పట్టికను కాపీ చేసి ఉంచుతుంది.

జెండా దగ్గర రెండు విషయాలు. గడియారం చివరి అంకె 1, 3, 6 అయితే బాణసంచా పేలుతుంది, అన్నే సార్లు. అది చూస్తూ నిలబడితే బస్సులు పోతాయి. గేమ్ గడియారంలో ఒక అంకె 24 ఫ్రేములకు తగ్గుతుంది కాబట్టి తప్పించడం పెద్ద కష్టం కాదు. రెండోది ఫ్లాగ్‌పోల్ గ్లిచ్. స్తంభం కింద ఉన్న దిమ్మెలోకి సరైన ఎత్తు, సరైన సబ్‌పిక్సెల్‌తో మారియోను దూరిస్తే జెండా దిగే తతంగం లేకుండా నేరుగా కోటలోకి నడుస్తాడు. కుదరకపోతే తప్పు చివరి గెంతులో ఉండకపోవచ్చు. పది గెంతుల వెనక ఒకచోట ఒక ఫ్రేమ్ ఆలస్యంగా కుడి నొక్కి, 0400 విలువను మార్చి మళ్లీ ప్రయత్నించండి.

మార్చేటప్పుడు పట్టాలు తప్పకుండా

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. 1-1లో 4 ఫ్రేములు మిగిలాయి కదా అని ఆ 4 వరుసలను డిలీట్ చేస్తారు. అప్పుడు కిందున్న 1-2, 4-1 అన్నీ 4 ఫ్రేములు పైకి జరుగుతాయి. కానీ బస్సు మారలేదు, 1-2 మొదలయ్యేది పాత ఫ్రేమ్‌లోనే. ఫలితంగా మారియో ప్రతి గెంతూ 4 ఫ్రేములు ముందే వేసి మొదటి గుంటలోనే పడతాడు. దీన్నే డీసింక్ అంటారు. బస్సు మారనంతవరకు వరుసలు తీసేయకుండా, ఆ లెవెల్ ఇన్‌పుట్ పైన మాత్రమే రాసి, మిగిలిన చోటు ఖాళీ గడులతో నింపండి. బస్సు మారితే సరిగ్గా 21 వరుసలు, ఒకేసారి, లెవెల్ ముగిశాక తెర నల్లబడిన చోట తీసేయండి. కిందిదంతా కుదురుకోవాలి.

కుదురుకోవాలి అన్నానే గానీ, 8వ లోకంలో కుదరదు. ఈ గేమ్‌లో యాదృచ్ఛిక సంఖ్యలు 07ఎ7 నుంచి ఏడు బైట్లలో తయారవుతాయి. మీరు ఏం నొక్కినా వాటికి పట్టదు, ఫ్రేములు గడిచే కొద్దీ వాటి దారిన అవి తిరుగుతాయి. చాలా గేముల్లో ఒక బటన్ అదనంగా నొక్కి అదృష్టాన్ని మార్చుకోవచ్చు. ఇక్కడ ఆ దారి లేదు. 8-2లో బుల్లెట్ ఎప్పుడొస్తుంది, 8-3లో సుత్తుల అన్నదమ్ములు ఎటు గెంతుతారు అనేవి మీరు ఏ బస్సులో వచ్చారన్నదాన్ని బట్టి ఉంటాయి. 1-1లో ఒక బస్సు సంపాదిస్తే 8-2, 8-3 మళ్లీ చేయాల్సి రావచ్చు. అందుకే ముందు లెవెళ్ల బస్సులు ఖాయమయ్యాకే 8వ లోకానికి మెరుగులు దిద్దండి.

మిగతా దారి

వార్ప్ జోన్ల (లోకాలను దాటవేసే రహస్య గదులు) దారిలో మీరు ఆడేది 1-1, 1-2, 4-1, 4-2, తర్వాత 8-1 నుంచి 8-4 వరకు, మొత్తం ఎనిమిది లెవెళ్లు. 4-2లో తీగ ఎక్కకుండానే వార్ప్ జోన్‌కు వెళ్లే ఉపాయం ఉంది. గొట్టం ఎక్కడికి తీసుకెళ్లాలో గేమ్ నిర్ణయించేది తెర ఎంత జరిగిందన్నదాన్ని బట్టి, మారియోను బట్టి కాదు. మామూలుగా పరుగెత్తే మారియో తెరలో 112 దగ్గర ఉంటాడు. ఇటుకలకు తగిలించి అతన్ని తెరలో మరో 20 పిక్సెళ్లు కుడికి నెడితే, గొట్టం దగ్గరికి చేరేసరికి తెర వెనకబడి ఉంటుంది, గమ్యం ఇంకా పాతదే, అంటే తీగ తీసుకెళ్లే వార్ప్ జోన్. 03ఎడిని చూస్తూ చేయాల్సిన పని ఇది. ప్రతి తాకిడికీ వేగం ఎంత పోతుంది, ఎన్ని పిక్సెళ్లు వస్తున్నాయి అని రాసుకుంటూ పోతే చవకైన తాకిడి ఏదో తేలుతుంది.

ఎడమ, కుడి ఒకేసారి నొక్కడం అసలు కంట్రోలర్‌లో కుదరదు, కింద ప్లాస్టిక్ అడ్డుపడుతుంది. పియానో రోల్‌లో రెండు గడులూ నింపేయవచ్చు. జెల్డా 2 గేమ్‌లో దీంతో హీరో లింక్ రాకెట్‌లా దూసుకుపోతాడు. మారియోలో కూడా ఆ రెంటినీ కలిపితే కదలిక మారుతుంది, చిక్కుబడ్డ చోట్ల ప్రయత్నించండి.

చేత్తో చేయలేని చోట లువా అనే భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్ (స్క్రిప్ట్) వాడతారు. ఒక స్థితిని దాచి, ఒక బటన్ల వరుసను ఆడించి, 0057, 0086 చదివి, బాగుంటే ఉంచుకుని, లేకపోతే వెనక్కి రావడం. ఇంతే దాని పని. ఎనిమిది బటన్ల కంట్రోలర్‌లో ఒక ఫ్రేమ్‌కు 256 కలయికలు, పది ఫ్రేములకు ఎన్నో లెక్కపెట్టడానికి కూడా విసుగొస్తుంది. కుడి, బి పట్టుకునే ఉంచి, 'ఎ' బటన్ ఒక్కటే మారనిస్తే పది ఫ్రేములకు 1,024 వరుసలు. టీ చల్లారేలోపు అయిపోతాయి. వెతికే చోటును ఎంత ఇరుకు చేయగలరో, స్క్రిప్ట్ అంత పనికొస్తుంది.

కొలత విషయంలో గొడవ పడకండి. టాస్‌వీడియోస్‌లో సమయం పవర్ ఆన్ నుంచి చివరి ఇన్‌పుట్ దాకా. హ్యాపీలీ అనే ఆటగాడు 2011లో చేసిన వార్ప్ టాస్ 17,868 ఫ్రేములు, అంటే 4 నిమిషాల 57.31 సెకన్లు. చేత్తో ఆడే రన్నర్లు టైటిల్ తెరను లెక్కలోకి తీసుకోరు, గొడ్డలి తాకడంతో గడియారం ఆపుతారు. అందుకే వాళ్ల 4:54 పక్కన టాస్ 4:57 పెట్టి 'మనుషులే గెలిచారు' అనే పోస్టులు అప్పుడప్పుడూ తిరుగుతుంటాయి. అవి రెండు వేర్వేరు గడియారాలు. చివరి ఇన్‌పుట్ లెక్క కాబట్టి 8-4లో ఇంకో ఉపాయం కూడా ఉంది: చివరి గెంతు తర్వాత మారియో తనంతట తాను గొడ్డలి దాకా జారిపోయేలా చేసి, బటన్లు ముందే వదిలేయడం.

పూర్తయ్యాక టాస్టూడియో దాచిన టాస్‌ప్రాజ్ ఫైలును బిజ్‌హాక్ మూవీ ఫైలైన బీకే2గా ఎగుమతి చేయండి. బీకే2 నిజానికి జిప్ ఫైలే. విప్పితే లోపల ఇన్‌పుట్ మామూలు టెక్స్ట్‌గా కనిపిస్తుంది. ఎమ్యులేటర్ మూసి, మళ్లీ తెరిచి, ఏ సేవ్‌స్టేట్ లేకుండా మొదటి నుంచి చివరిదాకా ఒకసారి నడపండి. ఇక్కడ తప్పితే చూడవలసినవి ఈ వరుసలో: కోర్ అదేనా, రోమ్ అదేనా, సింక్ సెట్టింగులు మారాయా, బిజ్‌హాక్ వెర్షన్ మారిందా. వెర్షన్ నంబర్‌ను మూవీ వివరాల్లో రాసిపెట్టండి. మూడు నెలల తర్వాత మీకే అవసరమవుతుంది.

వీడియో పెడితే శీర్షికలోనే టాస్ అని రాయండి. 2003 ప్రాంతంలో మోరిమోటో అనే జపాన్ ఆటగాడి సూపర్ మారియో 3 వీడియో, 11 నిమిషాలది, ప్రపంచమంతా తిరిగింది. ఎమ్యులేటర్‌తో చేసినదన్న మాట వీడియోతో పాటు వెళ్లలేదు. మనిషి చేతి వేగమని నమ్మినవాళ్లు నిజం తెలిశాక తిట్టిపోశారు. టాస్ అనే పేరుకు అంటిన 'మోసం' అనే మరక పోవడానికి ఏళ్లు పట్టింది. 2014 జనవరిలో ఆసమ్ గేమ్స్ డన్ క్విక్ అనే స్పీడ్‌రన్ ఉత్సవం వేదిక మీద టాస్‌బాట్ అనే రోబో అసలు కన్సోల్‌కే తీగలు కలిపి ఇన్‌పుట్ పంపి, సూపర్ మారియో వరల్డ్ లోపల పాంగ్, స్నేక్ ఆడించింది. మీ బీకే2లోని గడులు కూడా అలాగే అసలు ఎన్‌ఈఎస్‌కు వెళ్లగలవు, ఎమ్యులేటర్ నిజం చెప్పి ఉంటే. నెస్‌హాక్ ఎంచుకోమని మొదట్లో పట్టుబట్టింది అందుకే.